కన్నౌజ్ పన్నీరు

కన్నౌజ్‌లో గులాబీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండ ముదిరేకొద్దీ పువ్వులోని సుగంధం గాలిలో కలిసిపోతుంది కనుక, పొద్దెక్కేలోపు కోత పూర్తయి మూటలు బట్టీల దగ్గరికి చేరిపోవాలి. మనకు ఉగాది వచ్చే రోజుల్లోనే అక్కడ ‘చైతీ గులాబ్’ విరగబూస్తుంది. ఏడాది మొత్తంలో దాని కాలం ఆ కొద్ది వారాలే. మనం సీసాల్లో కొనుక్కొచ్చి ముఖానికి రాసుకునే పన్నీరు ఎలా పుడుతుందో కళ్లారా చూడాలంటే ఆ వారాల్లోనే వెళ్లాలి. అందుకే ఇంటర్ పరీక్షలు అయిపోగానే బయల్దేరాను.

నేను విజయవాడలో ఇంటర్ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతాను. క్లాసు అయ్యాక ఆడపిల్లలు బల్ల చుట్టూ మూగి అడిగే ప్రశ్నల్లో పరీక్షకు సంబంధం లేనివే ఎక్కువ. “మేడమ్, టోనర్ రాస్తే ముఖం మీది రంధ్రాలు మూసుకుంటాయా?” “రోజ్ వాటరూ టోనరూ ఒకటేనా?” “ముందు టోనరా, సీరమా?” ఆ మధ్య ఒకమ్మాయి బుగ్గలు ఎర్రగా కందిపోయి వచ్చింది. సంక్రాంతికి మేనమామ చేతిలో పెట్టిన డబ్బుతో టోనర్ కొనుక్కుందట. సీసా తెచ్చి చూపించింది. మూత తీస్తే స్పిరిట్ వాసన గుప్పుమంది. మండుతోందంటే పనిచేస్తోందనుకుందట ఆ పిల్ల. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. చర్మం వద్దు మొర్రో అంటుంటే, అదే మేలని ఈ పిల్లలకు ఎవరు నేర్పారు?

అసలు టోనర్ సబ్బుతో పాటు పుట్టిన అవసరం. మామూలు ఒంటిసబ్బుకు క్షారగుణం ఎక్కువ. దాని పి.హెచ్. 9, 10 దాకా ఉంటుంది. మన చర్మం పైపొర మాత్రం సుమారు 4.5, 5.5 మధ్య కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. సబ్బుతో రుద్ది కడిగితే ఆ ఆమ్లగుణం కాసేపు చెదిరిపోతుంది. కాల్షియం ఎక్కువున్న బోరునీళ్లయితే సబ్బు విరిగి తెట్టులా ఒంటికి అంటుకుంటుంది కూడా. ఆ తెట్టును దూదితో తుడిచేసి, చర్మం తన స్థితికి తాను రావడానికి సాయపడాలని కడిగిన తరవాత రాసిన నీరే టోనర్. పాతకాలపు టోనర్లలో ఆల్కహాల్ దండిగా ఉండేది. అది జిడ్డు తీసేస్తుంది, చల్లగా తగిలి ఆరిపోతుంది, ముఖం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. ఆ బిగుతునే రంధ్రాలు మూసుకోవడమని చెప్పి అమ్మారు. నిజానికి చర్మరంధ్రాలకు తెరుచుకోవడానికి, మూసుకోవడానికి కండరాలేమీ లేవు.

ఇప్పుడొచ్చే మంచి ఫేస్‌వాష్‌లు చర్మం పి.హెచ్.కి దగ్గరగానే ఉంటున్నాయి. తెట్టు తుడవాల్సిన పని దాదాపు లేకుండా పోయింది. ఇవాళ టోనర్ పేరుతో వచ్చేవాటిలో కొన్ని తేమ కోసం గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్ కలిపినవి. కొన్ని మొటిమల కోసం సాలిసిలిక్ యాసిడ్ వేసినవి. కొన్ని పైన పేరుకున్న మృతకణాలను వదిలించడానికి గ్లైకాలిక్ యాసిడ్‌తో చేసినవి. పేరు ఒకటే, పనులు వేరు. ఏది ఎందుకో తెలియకుండా కొంటే ఆ అమ్మాయికి జరిగిందే ఎవరికైనా జరుగుతుంది.

ఈ పేర్లేవీ రాకముందు మన ఇళ్లలో ఉన్నది పన్నీరు. పెళ్లిపందిట్లో వెండి బుడ్డితో అతిథుల మీద చల్లేది అదే. శనగపిండిలోనో ముల్తానీ మట్టిలోనో కలిపి ముఖానికి పట్టించేదీ అదే. పిల్లలకు జవాబు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలనిపించింది.

విజయవాడలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాగపూర్, భోపాల్, ఝాన్సీ దాటుకుంటూ కాన్పూర్‌లో దింపుతుంది. మా చెల్లెలి కాపురం అక్కడే. స్టేషన్‌కి వచ్చి సంచి అందుకుంటూనే అంది, “పువ్వుల కోసం ఇంత దూరం వచ్చావా అక్కా!”

“పువ్వుల కోసం కాదే, నీళ్ల కోసం” అన్నాను.

కాన్పూర్ నుంచి కన్నౌజ్ ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద బిల్హౌర్ దాటి వెళ్లాలి. దారి పొడుగునా బంగాళాదుంపల బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరి కనిపించాయి. కన్నౌజ్, ఫరూఖాబాద్ ప్రాంతాలు బంగాళాదుంపకు పెట్టింది పేరు. మిర్చి సీజన్లో గుంటూరు శివార్లు చూసినవాళ్లకి ఆ దృశ్యం కొత్తగా ఉండదు. అత్తరు ఊరికి వెళ్తున్నామని చెప్పే గుర్తు ఆ రోడ్డు మీద ఒక్కటీ లేదు. ఊరి సందుల్లోకి మలుపు తిరిగాకే గాలి మారింది.

ఏడో శతాబ్దంలో హర్షవర్ధనుడు ఏలిన కన్యాకుబ్జం ఇదే. చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ వచ్చి చూసిన మహానగరమూ ఇదే. ఇవాళ్టి కన్నౌజ్ ఒక మోస్తరు జిల్లా కేంద్రం. పాతబస్తీ బడా బజార్ సందులు ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత వెడల్పున ఉంటాయి. చిన్న చిన్న కొట్లు, అద్దాల బీరువాల్లో వరసగా సీసాలు. గులాబీ, మల్లె, మొగలి, వట్టివేరు. వీటితో పాటు కాల్చిన మట్టిబిళ్లల నుంచి తీసే మిట్టీ అత్తరు. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల వేసే వాసనను పట్టి సీసాలో పెడతారు వీళ్లు. కన్నౌజ్ సుగంధ ద్రవ్యాలకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. ట్యాగ్ కూడా ఉంది.

ఒక కొట్టులో గద్దె మీద కూర్చోబెట్టి, పుల్లకు చుట్టిన దూదిని అత్తరులో ముంచి నా చేతి వెనక అద్దాడు కొట్టాయన. గులాబ్ జల్, అంటే పన్నీరు కావాలంటే రెండు సీసాలు తీసి ముందు పెట్టాడు. రెండూ తేట నీళ్లే. ధరలో మాత్రం చాలా తేడా ఉంది.

“ఇది చల్లుకోవడానికి. ఇది ముఖానికి, నోటికి. ఏది కావాలి మేడమ్?”

చౌకదాని లేబుల్ చదివాను. నీరు, పరిమళం, పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్. గులాబీ పువ్వు ఆ జాబితాలో ఎక్కడా లేదు. రెండోది బట్టీలో పట్టినది. ఆయన ఏదీ దాచలేదు, ఒకదాన్ని ఇంకోటని చెప్పలేదు. “రెండింటికీ గిరాకీ ఉంది. అడిగినవాళ్లకి తేడా చెబుతాను. అడిగేవాళ్లు తక్కువ” అన్నాడు. మన ఊళ్లలో చాలా కొట్లలో దొరికేది ఆ మొదటి రకమే. మనం కొనేటప్పుడు అడగం, అమ్మేవాళ్లు చెప్పరు. ఇద్దరి మధ్య పువ్వు మాయమైపోయింది.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే తోటకు వెళ్లాం. ఊరికి దూరంగా, గంగ వైపు పల్లెలో ఒక చిన్న చేను. దమాస్కస్ గులాబీ అని పుస్తకాల్లో చదివిన రోజా డమసీనాను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. మన కడియం నర్సరీల్లో కనిపించే పెద్దపెద్ద ఎర్ర గులాబీల పక్కన పెడితే ఇది చాలా సాదాసీదా పువ్వు. లేత గులాబీ రంగు, చిన్న తల, వదులుగా, పల్చగా ఉండే రేకులు, కొమ్మ నిండా ముళ్లు. కూజాలో పెడితే సాయంత్రానికి వాలిపోతుంది. దండకు పనికిరాదు. కానీ విచ్చీవిచ్చని పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె, లవంగం, కొద్దిగా నిమ్మ కలిసినట్టు పొరలు పొరలుగా వాసన వస్తుంది.

కోసే ఆడవాళ్లు పువ్వును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, తొడిమ కింద చిన్నగా విరుస్తారు. టక్కుమని సన్నని చప్పుడు. పువ్వు ఒడిలో పడేసరికి రెండో చెయ్యి ఇంకో పువ్వు మీద ఉంటుంది. మంచుకు తడిసిన రేకులు చేతికి చల్లగా తగులుతాయి. ముళ్లు గుచ్చుకోవా అని మా చెల్లెలు హిందీలో అడిగింది. “గుచ్చుకుంటాయి దీదీ, పూలు ఆగవు కదా” అంది ఒకామె, చేతులు ఆపకుండానే. ఆమె మణికట్టు మీద గీతలు కొత్తవీ పాతవీ కలిసిపోయి ఉన్నాయి. కూలి తూకం లెక్కన. పువ్వు ఈకంత తేలిక. ఒక కిలో తూగాలంటే వేళ్లు ఎన్నిసార్లు విరవాలో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. తూర్పు ఎర్రబడి, ఎండ చేలో పడేసరికి మూటలు కట్టేశారు. గోనె మూటలు మోటారు సైకిళ్ల మీద కార్ఖానాకు బయల్దేరాయి. వాటి వెనకే మేమూ వెళ్లాం.

కార్ఖానా అంటే పెద్ద ఫ్యాక్టరీని ఊహించుకోనక్కర్లేదు. ఇటుక గోడల మధ్య రేకుల షెడ్డు, పొగచూరిన కప్పు, కింద వరసగా మట్టి, ఇటుకలతో కట్టిన బట్టీలు. ప్రతి బట్టీ మీద ఒక పెద్ద రాగి డేగిసా. దాన్ని ‘దేగ్’ అంటారు. పక్కనే నీళ్ల తొట్టి. అందులో మెడదాకా మునిగి ఇంకో రాగి పాత్ర. గుండ్రటి బొజ్జ, పొడుగు మెడ ఉన్న ఆ పాత్ర పేరు ‘భప్కా’. ఈ రెంటినీ కలిపేది ‘చోంగా’ అనే వెదురు గొట్టం. దాని చుట్టూ గడ్డితాడు బిగించి చుట్టి ఉంటుంది. వెదురూ తాడూ కలిసి వేడిని బయటికి పోనివ్వవు. ఆవిరి దారిలోనే చల్లారి నీరైపోకుండా భప్కా దాకా చేరుతుంది.

మూటలు విప్పి పువ్వుల్ని దేగ్‌లో కుమ్మరించి నీళ్లు పోశారు. మూత పెట్టాక అసలు నైపుణ్యం మొదలైంది. అక్కడి పెద్ద పనివాడు, అరవై దాటిన మనిషి, మట్టీ దూదీ కలిపి పిసికిన ముద్దను తీసుకుని మూత అంచు చుట్టూ బొటనవేలితో ఒత్తుకుంటూ వెళ్లాడు. ఎక్కడా రెండోసారి తడుముకోలేదు. చోంగా దిగే చోట కూడా అదే ముద్ద పెట్టి, పైన బిగింపు వేశాడు. తరవాత బట్టీలో కట్టెలు, పిడకలు పేర్చి నిప్పు పెట్టాడు.

అక్కడ థర్మామీటర్ లేదు. ప్రెషర్ చూపించే ముల్లు లేదు. మోటారు లేదు. ఆయన దేగ్ దగ్గరికి చెవి తీసుకెళ్లి లోపల మరిగే చప్పుడు విన్నాడు. కాసేపటికి తొట్టిలో చెయ్యి పెట్టి చూశాడు. నీళ్లు వెచ్చబడితే తోడి పారబోయించి కొత్త నీళ్లు పోయించాడు. మూత అంచున ఒకచోట ఆవిరి సన్నగా చిమ్మితే తడి మట్టి తీసి కొట్టాడు. మంట ఎక్కువైందనిపిస్తే రెండు కట్టెలు వెనక్కి లాగాడు.

“చాచాజీ, మంట ఎక్కువైతే ఏమవుతుంది?” అని అడిగాను.

“పువ్వు మాడుతుంది బిటియా. మాడిన వాసన నీళ్లలోకి దిగిందంటే ఇంక పోదు. పొద్దున్నుంచీ కోసినవాళ్ల కష్టం, నా కష్టం రెండూ పోయినట్టే.”

“చప్పుడులో ఏం తెలుస్తుంది?”

“మొదట్లో గలగలమంటుంది. పువ్వు మెత్తబడ్డాక చప్పుడు మెత్తబడుతుంది. మా నాన్న చెవి పట్టుకుని వినిపించాడు నాకు.”

ఏటా బోర్డు మీద నేను గీసే లీబిగ్ కండెన్సర్‌లో ఉన్న సూత్రమే ఇదీ. గాజుగొట్టం చుట్టూ చల్లటి నీళ్లు ప్రవహిస్తే లోపలి ఆవిరి ద్రవమవుతుందని చెబుతాను. కానీ ఆ బొమ్మలో చెప్పలేని సంగతి ఇక్కడ నిలబడ్డాక కళ్లకు కట్టింది. గులాబీ సుగంధంలో ముఖ్యమైన జెరానియాల్ ఒక్కదాన్నే మరిగించాలంటే సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడికి పువ్వు మాడిపోతుంది. అదే నీటి ఆవిరితో జత కలిస్తే 100 డిగ్రీల లోపే అది పైకి లేచి వచ్చేస్తుంది. పువ్వును చంపకుండా దాని వాసనను బయటికి తేవడానికి నీరే సాధనం, నీరే వాహనం. ఈ విద్య మీద తొమ్మిదో శతాబ్దంలోనే అరబ్బు పండితుడు అల్‌కిందీ ప్రత్యేకంగా గ్రంథం రాశాడు.

బట్టీ దగ్గర గంటలు గడిచాయి. పొగకు కళ్లు మండుతుంటే మేం గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్లం. పనివాళ్లకి ఆ వీలు లేదు. చైత్రంలోనే ఆ షెడ్డులో అంత వేడి ఉంటే వైశాఖంలో మల్లెలు, ఆపైన మిట్టీ అత్తరు తీసేటప్పుడు ఎలా ఉంటుందో! వాళ్ల చొక్కాలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ చొక్కాల మీద చెమటా గులాబీ కలిసి వచ్చే వాసన ఏ సీసాలోనూ దొరకదు.

అత్తరు తీయాలంటే భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు, పువ్వు వాసన అందులోకి దిగుతుంది. మంచి గంధం ఖరీదు మండిపోవడంతో కొందరు చవక నూనెలకు, రసాయనాలకు మారిపోయారు. ఏ నూనె లేకుండా గులాబీ నూనెనే తీస్తే దాన్ని ‘రూహ్’ అంటారు. కిలో రూహ్‌కి దాదాపు నాలుగు వేల కిలోల పువ్వు కావాలి. జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్న ప్రకారం ఈ నూనెను గుర్తుపట్టింది నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం. పన్నీరు తయారు చేస్తుంటే పాత్రల్లో పోసిన వేడి పన్నీటి మీద తేలిన తేటను చూసి, దాన్ని జాగ్రత్తగా పోగుచేసిందట. పన్నీటి కోసం బట్టీ పెట్టినప్పుడు మాత్రం భప్కాలో నూనె పోయరు. వచ్చిన నీరే సరుకు.

ఆ నీటి గొప్పతనం కూడా రసాయనశాస్త్రం చెప్పేదే. గులాబీ తాజా వాసనకు మూలమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు నీళ్లలో బాగా కరిగే గుణం ఉంది. అందుకని బట్టీ పట్టినప్పుడు అందులో ఎక్కువ భాగం నూనెలోకి రాకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. వేల కిలోల పువ్వుతో తీసిన నూనె కన్నా, చెట్టు మీది పువ్వుకు పన్నీటి వాసన దగ్గరగా అనిపించేది అందుకే. దీని పేరులో ఆల్కహాల్ ఉందని కంగారు పడనక్కర్లేదు. చర్మాన్ని ఎండగట్టే స్పిరిట్ ఇది కాదు.

మధ్యాహ్నం దాటాక దేగ్ మీద తడిగుడ్డ వేసి చల్లార్చారు. భప్కా విప్పి, చాచాజీ నా అరచేతిలో రెండు చుక్కలు పోశాడు. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. వాసన చూస్తే ముందు ఉడికిన ఆకు వాసన, దాని వెనక ఎక్కడో గులాబీ. నా ముఖం చూసి ఆయన నవ్వాడు.

“ఇప్పుడే రాసుకోకు బిటియా. పచ్చి పోవాలి. కొన్ని వారాలు మూత పెట్టి చీకట్లో ఉంచు. అప్పుడు పువ్వు బయటికొస్తుంది.”

ఎన్ని కిలోల పువ్వుకు ఎన్ని లీటర్ల నీరు తీస్తారని అడిగాను. “కిలోకి లీటరు తీస్తే మంచి సరుకు. ఇంకా మరిగిస్తే ఇంకా నీళ్లొస్తాయి. నీళ్లకేం, వస్తూనే ఉంటాయి. వాసన రాదు” అన్నాడు. నాణ్యత అంటే ఎక్కడ ఆపాలో తెలియడమేనని ఇంత సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కన్నౌజ్‌లోనే కేంద్రప్రభుత్వం 1991లో నెలకొల్పిన సుగంధ, సురుచి అభివృద్ధి కేంద్రం ఉంది. అందరూ ఎఫ్.ఎఫ్.డి.సి. అంటారు. అక్కడ సుగంధ తైలాల పరీక్షలు చేస్తారు, పనివాళ్లకి, కొత్తగా పరిశ్రమ పెట్టేవాళ్లకి శిక్షణ ఇస్తారు. ఊళ్లో స్టీలు పాత్రలూ బాయిలర్లూ వాడే యూనిట్లు కూడా పెరుగుతున్నాయి. చాలా ఏళ్లుగా కన్నౌజ్ సరుకులో పెద్ద వాటా పాన్ మసాలా, జర్దా పరిశ్రమకే పోతోంది. ముఖానికి రాసుకునే పన్నీరు కొనేవాళ్లు పెరిగితే ఈ చేతులకు ఇంకాస్త మంచి పని దొరుకుతుందని నాకనిపించింది.

ఆ బట్టీ నుంచి ఇంటికి తెచ్చుకున్న సీసాను చాచాజీ చెప్పినట్టే బీరువాలో పెట్టి మరిచిపోయినంత పని చేశాను. ఎండలు ముదిరాక మూత తీస్తే ఉడుకు వాసన పోయి తోటలోని పువ్వు నిలబడి ఉంది. నేరుగా ముఖానికి రాయలేదు. ముందు మోచేతి లోపలి వైపు, చెవి వెనక రాసి కొద్ది రోజులు చూశాను. పువ్వు నుంచి తీసిన సహజమైనదైనా సుగంధం సుగంధమే. చర్మానికి ఎలర్జీ తెచ్చే వాటిలో సుగంధద్రవ్యాలు ముందు వరసలో ఉంటాయి. దురద గానీ, ఎరుపు గానీ లేకపోవడంతో ముఖానికి మొదలుపెట్టాను.

రాత్రిపూట నురుగు తక్కువగా వచ్చే ఫేస్‌వాష్‌తో కడుక్కుని, మెత్తటి తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే అరచేతిలో కాస్త పన్నీరు పోసుకుని ముఖానికి, మెడకు అద్దుకుంటాను. దూదితో రుద్దను. ఆ తడి మీదే మాయిశ్చరైజర్ రాస్తాను. పొద్దున అదే వరస, చివర సన్‌స్క్రీన్. విజయవాడ ఎండలో సన్‌స్క్రీన్ మానేసి టోనర్ రాసుకుంటే ప్రయోజనం లేదు.

ఫలితం ఎలా ఉందంటే, కడుక్కోగానే బుగ్గల మీద వచ్చే లాగినట్టుండే బిగుతు తగ్గింది. మాయిశ్చరైజర్ తక్కువ సరిపోతోంది, సమంగా పరుచుకుంటోంది. ఎండన పడి వచ్చినప్పుడు చల్లగా హాయిగా ఉంటుంది. మచ్చలు పోలేదు. రంగు మారలేదు. ముక్కు మీది రంధ్రాలు ఎప్పటిలాగే ఉన్నాయి. పోల్చి చూద్దామని కొన్నాళ్లు దాన్ని ఆపి, వాసన లేని గ్లిజరిన్ టోనర్ వాడాను. తేమ నిలిపే విషయంలో అదే మెరుగు. పన్నీటి చల్లదనం ఆరేదాకానే. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది గనుక సాయంత్రం దాకా తేడా తెలిసింది. పొడిచర్మం వాళ్లు అది వాడుకోవడమే మంచిది. మొటిమలు ఎక్కువున్నవాళ్లకి పన్నీరు మందు కాదు, చర్మవైద్యుల్ని కలవాలి. నాకు మాత్రం పన్నీరు నచ్చింది, అది ఎంత చేస్తుందో అంతే ఆశించాను కాబట్టి.

బట్టీ పన్నీట్లో ప్రిజర్వేటివ్ ఉండదు. అందుకని పెద్ద సీసా ఫ్రిజ్‌లో పెట్టి, వాడకానికి కొద్దికొద్దిగా శుభ్రమైన చిన్న సీసాలోకి వంచుకోవాలి. రంగు మారినా, తేటగా ఉన్న నీట్లో నూలుపోగుల్లాంటివి తేలినా పారబోయాలి. అది సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసిన మందు కాదు గనుక కళ్లలో వేసుకోకూడదు. పూలమార్కెట్లో కొన్న దండ గులాబీల్ని ఇంట్లో ఉడకబెట్టి రాసుకునే అలవాటూ మంచిది కాదు. వాటి మీద కొట్టిన పురుగుమందులు రేకులతో పాటే వస్తాయి, పైగా మూత తీసి మరిగిస్తే సుగంధమంతా వంటింట్లోనే ఉండిపోతుంది. పన్నీట్లో నిమ్మరసం పిండే చిట్కా చాలామంది చెబుతారు. నిమ్మరసం పి.హెచ్. 2కు దగ్గర. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడే ప్రమాదం ఉంది.

కాలేజీ తెరిచాక డిస్టిలేషన్ పాఠాన్ని ఈసారి కన్నౌజ్ నుంచి మొదలుపెట్టాను. దేగ్, చోంగా, భప్కా బోర్డు మీద గీసి, పక్కన లీబిగ్ కండెన్సర్ గీశాను. రెంటినీ పిల్లలే జత కలిపారు. తరవాత ఇళ్ల నుంచి తెచ్చిన టోనర్ సీసాల లేబుళ్లు చదివించాను. నీటి తరవాత ఏముంది, ఆల్కహాల్ ఎన్నో స్థానంలో ఉంది, యాసిడ్ ఉంటే ఎంత శాతం, పువ్వు ఉందా పరిమళమే ఉందా అన్నవి వాళ్లే వెతికి రాసుకున్నారు. ఒక పీరియడ్ చాలలేదు. కొనేముందు చదవడం వచ్చిన పిల్ల దేనికీ భయపడదు, దేనికీ మోసపోదు.

పిల్లలు చదవాలంటే లేబుల్ నిజం చెప్పాలి. పువ్వు నుంచి బట్టీ పట్టిన నీరు, వాసన కలిపిన నీరు రెండూ అమ్ముకోవచ్చు. రెండింటికీ ఒకే పేరు, ఒకే గులాబీ బొమ్మ వేయడం మాత్రం న్యాయం కాదు. ఏది ఏదో సీసా ముందు వైపునే, మన భాషలో, పెద్ద అక్షరాల్లో రాయించాలి. అప్పుడు చవకది కావాల్సినవాళ్లు చవకది తెలిసే కొంటారు. అసలుది కావాల్సినవాళ్లు ఇచ్చే ధర, తెల్లారకముందు ముళ్లలో చెయ్యి పెట్టేవాళ్లకీ, మరిగే చప్పుడు విని మంట తగ్గించేవాళ్లకీ చేరుతుంది.